ఆమె నన్ను చూసి తల తిప్పుకుంటోంది

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ప్రొద్దుటూరు. టీచర్‌గా చేస్తూనే క్రైస్తవ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేశాను. మా సంఘంలో ఒక సహోదరి భర్త ఈమధ్యే చనిపోయాడు. తాగొచ్చి కొట్టేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఆమె నాతో, "ఆయన పోయినప్పట్నుంచి కంటినిండా నిద్ర పడుతోందక్కా" అంది. మనసులో చేదు ఉందనిపించి దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 చెప్పి, క్షమించమని చెప్పి, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. పేరు రాయకుండా స్త్రీల కూటం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి కూడా పెట్టాను. అప్పట్నుంచి నన్ను చూస్తే తల తిప్పుకుని వెళ్లిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. ముందు ఆ వాట్సాప్ సంగతి. పేరు రాయలేదంటున్నారు. మీ సంఘంలో ఈమధ్య భర్త పోయినవాళ్లు ఎంతమంది? మెసేజ్ చూసి ఎవరో ఒకరు ఆమె ఇంటికెళ్లి "ఏంటమ్మా నీ బాధ" అని ఆరా తీసే ఉంటారు. ప్రార్థన మనవి పేరుతో గుట్టు రట్టు కావడం మనకెంత అలవాటైందంటే, అది తప్పని కూడా తోచదు. "నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును" అంటుంది సామెతలు 11:13. మైదుకూరు నుంచి, జమ్మలమడుగు నుంచి బస్సెక్కి కడపలో నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. వాళ్ల ఊళ్లో ప్రార్థించేవాళ్లు లేక కాదు.

ఇక ఆ నిద్ర మాట. దాన్ని మీరు చేదు అనుకున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో లెక్కగట్టుకున్న మనిషి, ఇప్పుడు నిద్రపోతోంది, అంతే. భర్త పోయాక నిద్ర పడుతోందని నోటితో అనడానికి మన దగ్గర ఆడమనిషికి ఎంత గుండె కావాలి! మీరేమంటారో చూద్దామని ఒక్క ముక్క బయటపెట్టింది. "ఇన్నాళ్లూ నిద్రే ఉండేది కాదా?" అని అడిగి ఊరుకుని ఉంటే, మిగతాది ఆమే చెప్పేది. మీరు వాక్యం ఎత్తుకోగానే, ఇలాంటివి ఇక్కడ చెప్పకూడదు కాబోలు అనుకుని ఉంటుంది.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు దిగులుగా నడుస్తుంటే ప్రభువు ఏం చేశాడో లూకా 24లో మళ్లీ చదవండి. వాళ్లు దిగులుపడుతున్న ఆ సిలువ మరణం ఆయనకే జరిగింది. అయినా ఏమీ తెలియనట్టు అడిగి, కథంతా వాళ్ల నోటే చెప్పించాడు. లేఖనాలు వివరించింది ఆ తర్వాతే. ("అవివేకులారా" అని కూడా అన్నాడు లెండి. మనం అంతదూరం పోనక్కర్లేదు.) మీ కోర్సులో అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ పాఠం వచ్చే ఉంటుంది. ఎదుటి మనిషిని షరతులు పెట్టకుండా అంగీకరించాలని 1957లో ఆయన రాసింది ఇక్కడే అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఆ మెసేజ్ తీసేయండి. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, "నీ మాట గ్రూపులో పెట్టడం నా తప్పు" అని చెప్పండి. మంచి మనసుతోనే పెట్టానని సంజాయిషీ వద్దు, క్షమించమని వాక్యం చూపించడం అసలే వద్దు. "పర్లేదులే అక్కా" అంటుంది. అది మర్యాదకు అనే మాట, నమ్మకం తిరిగి వచ్చిందని కాదు. మళ్లీ వస్తుందో రాదో ఆమె ఇష్టం.

వస్తే మాత్రం వరండాలో వద్దు. తలుపుకు కర్టెన్ ఉన్న గది, రెండు కుర్చీలు, మంచినీళ్లు చాలు. ఎంతసేపు కూర్చుంటారో ముందే చెప్పండి. ప్రార్థన చేయమంటావా అని అడగండి, చెయ్యి పట్టుకునే ముందు కూడా అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. గుట్టు దాచడానికి హద్దు ఎక్కడో మొదటి రోజే చెప్పేయాలి: ప్రాణం తీసుకునే ఆలోచన ఉంటే ఆమె నమ్మేవాళ్లకు చెప్పక తప్పదు. పిల్లల మీద లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే.

ప్రశ్న: డిప్రెషన్‌కు మాత్రలు వాడితే విశ్వాసం లేనట్టేనా? – ఒక సహోదరుడు, గుత్తి

జవాబు: కాదు. చచ్చిపోతే బాగుండునన్న ఏలీయా ప్రవక్తను దేవదూత ఒక్క మాట అనలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు (1 రాజులు 19). వేలూరు సీఎంసీ మిషనరీలు పెట్టిన ఆసుపత్రే, అక్కడా మానసిక వైద్యం ఉంది, మాత్రలూ రాస్తారు. అంతదూరం పోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు, పాస్టర్‌గారు చెప్పినా సరే.