మెటల్ డిటెక్టర్‌తో ఇసుకలో ఉంగరం దొరికింది, ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మెటల్ డిటెక్టర్‌తో తిరగడం నాకు సరదా. మొన్న ఆదివారం తెల్లవారుజామున సముద్రం ఒడ్డున తిరుగుతుంటే ఇసుకలో జానెడు లోతున బంగారు ఉంగరం దొరికింది. లోపలివైపు రెండు అక్షరాలు, 2014 నాటి ఒక తేదీ చెక్కి ఉన్నాయి. ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదు. మా ఫ్రెండేమో "దొరికినవాడిదే సొమ్ము, కరిగించి ఇంకోటి చేయించుకో" అంటున్నాడు. మా ఆవిడ పోలీస్ కేసవుతుందేమోనని భయపడుతోంది. పోగొట్టుకున్నవాళ్ళు దొరికితే నా ఖర్చులు అడగొచ్చా? పాడుబడిన ఒక పాత కోట దగ్గర కూడా వెతకాలని ఉంది, ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: ముందు ఆ ఉంగరం కంసాలి చేతికి వెళ్ళకుండా చూడండి. కరిగించడం సంగతి సరే, సైజు తగ్గించడం, మెరుగు పెట్టించడం కూడా వద్దు. లోపలున్న ఆ రెండు అక్షరాలు, ఆ తేదీ అసలు మనిషిని పట్టిచ్చే ఆనవాళ్ళు, రేపు ఏదైనా మాట వస్తే మీ నిజాయితీకి సాక్ష్యం కూడా అవే, వాటిని చెరిపేశాక "తిరిగిచ్చేద్దామనే అనుకున్నానండీ" అని ఎంత చెప్పుకున్నా నమ్మేవాళ్ళు ఉండరు.

ఇక మీ ఆవిడ భయం. ఇసుకలోంచి తీసినంత మాత్రాన మీరు నేరం చేసినట్టు కాదు, ఆ టెన్షన్ వదిలేయమనండి. భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఉంది, 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 403. పరాయి సొత్తును దురుద్దేశంతో సొంతానికి వాడేసుకుంటే కనీసం ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ రెండేళ్ళు జైలు, దానికి తోడు జరిమానా. అయితే దొరికిన వస్తువుల గురించి ఆ సెక్షన్లోనే విడిగా వివరణ ఇచ్చారు. ఎవరి స్వాధీనంలోనూ లేని వస్తువు కనబడితే, భద్రపరచడానికో సొంతదారుకి చేర్చడానికో దాన్ని తీసుకోవడం నేరం కాదు. సొంతదారు ఎవరో తెలిసి కూడా, లేదా తెలుసుకునే దారి ఉండి కూడా వాడేసుకుంటే నేరం. తగిన ప్రయత్నం చేసి వాళ్ళకి కబురు పంపకుండా, వాళ్ళొచ్చి అడగడానికి తగినంత కాలం ఆగకుండా వాడేసుకున్నా నేరమే.

ఆ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణలు మీ ఫ్రెండ్‌కి చదివి వినిపించండి. ఒకడికి రోడ్డు మీద రూపాయి దొరికింది, ఎవరిదో తెలియదు, తీసుకున్నాడు, అది నేరం కాదు. ఇంకొకడికి విలువైన ఉంగరం దొరికింది, అదీ ఎవరిదో తెలియదు, సొంతదారు కోసం వెతకకుండా వెంటనే అమ్మేశాడు, అది నేరం. 1860 నాటి ఐపీసీలోనూ ఉన్న ఉదాహరణే ఇది, చూశారా, అందులో వస్తువు సాక్షాత్తు ఉంగరమే. రూపాయి ఎవరిదని ఎవరు మాత్రం గుర్తుపడతారు, ఉంగరాన్ని మాత్రం దాన్ని పెట్టుకున్న మనిషి చీకట్లో తడిమి అయినా గుర్తుపడుతుంది. ఇంకో సంగతి, ఇలా వాడేసుకున్న సొమ్ము చట్టం దృష్టిలో దొంగ సొత్తు కిందే లెక్క, కాబట్టి సంగతి తెలిసి కొన్నవాడు కూడా 317వ సెక్షన్ కింద ఇరుక్కుంటాడు.

"తగిన ప్రయత్నం" అంటే ఎంత, "తగినంత కాలం" అంటే ఎన్ని రోజులు అని మీరు అడుగుతారు. చట్టం లెక్క కట్టి చెప్పలేదు, ఏ కేసుకి ఆ కేసు పరిస్థితిని బట్టి చూడాలని మాత్రమే చెప్పింది. అయిదు రూపాయల రోల్డ్ గోల్డ్ రింగుకి, లోపల తేదీ చెక్కిన బంగారు ఉంగరానికి ఒకే ప్రయత్నం సరిపోదు కదా. నన్నడిగితే మీరు ఇలా చేయండి.

మంచి వెలుతురులో భూతద్దం పెట్టి ఉంగరం లోపలి అంచు మొత్తం తిప్పి చూడండి. చెక్కిన అక్షరాల పక్కనే ఇంకా చిన్న గుర్తులు ఉండొచ్చు, ఇసుక రాపిడికి సగం అరిగిపోయి కూడా ఉండొచ్చు. 2014లో హాల్‌మార్క్ వేయించిన నగ అయితే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత అంకె, పరీక్షించిన కేంద్రం గుర్తు, సంవత్సరాన్ని తెలిపే అక్షరం, వీటితోపాటు అమ్మిన షాపు గుర్తు కూడా వేసేవాళ్ళు. ఆ షాపు గుర్తు గనక చదవగలిగితే మీ వెతుకులాట సగం అయిపోయినట్టే. కొత్త నగల మీదైతే 2021 జూలై నుంచి ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ నంబర్ ఉంటోంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. హాల్‌మార్క్ అప్పట్లో తప్పనిసరి కాదు కాబట్టి మీ ఉంగరం మీద ఏమీ లేకపోయినా నిరాశపడకండి.

తర్వాత ఆ ఒడ్డు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడ ఒక అర్జీ ఇవ్వండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో రాసి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ఒక్క కాగితం మీకు పెద్ద అండ. ఉంగరం పోయిందని ఎవరైనా అంతకుముందే ఫిర్యాదు ఇచ్చి ఉంటే అక్కడే తేలిపోతుంది కూడా. నేను చెప్పేవాటిలో జనం బద్ధకించేది ఈ పనికే, కానీ నిజాయితీగా ఉన్నవాడికి కాగితం లేకపోవడం వల్ల వచ్చే కష్టం అంతా ఇంతా కాదు.

సోషల్ మీడియాలో కూడా పెట్టండి, కాకపోతే జాగ్రత్తగా. ఫలానా ఒడ్డున ఉంగరం దొరికింది, పోగొట్టుకున్నవాళ్ళు వివరాలు చెప్పండి, అంతే. ఫోటో వద్దు, అక్షరాలు, తేదీ అసలే చెప్పొద్దు, రాయి పొదిగి ఉందో లేదో కూడా చెప్పకండి. ఎవరైనా ఫోన్ చేస్తే ముందు వాళ్ళనే చెప్పనివ్వండి, లోపల ఏం రాసి ఉందండీ అని అడగండి. అసలు మనిషి అయితే క్షణం ఆలోచించకుండా చెప్తుంది, పాత ఫోటోలో వేలికి ఉన్న ఉంగరం చూపిస్తుంది, బిల్లు ఉంటే అదీ తెస్తుంది. నమ్మి వేరేవాళ్ళ చేతిలో పెట్టేస్తే ఆ తర్వాత అసలు మనిషికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఎందుకంటే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 71వ సెక్షన్ ప్రకారం, పరాయి వస్తువు దొరికి దగ్గర ఉంచుకున్నవాడికి, దాచమని ఎవరో చేతికిచ్చిన వస్తువుని ఉంచుకున్నవాడికి ఉండే బాధ్యతే ఉంటుంది. మీ సొంత ఉంగరమైతే ఎలా జాగ్రత్త చేస్తారో అలా చేయాలి. బీరువాలో పెట్టండి, వేలికి మాత్రం పెట్టుకోకండి, ఒక్కరోజు సరదాకి కూడా.

ఖర్చుల మాటకొద్దాం, ఇక్కడ చాలామంది పొరబడతారు. అదే కాంట్రాక్ట్ చట్టం 168వ సెక్షన్ ఏమంటుందంటే, వస్తువుని భద్రపరచడానికి, సొంతదారుని వెతకడానికి మీరు పడ్డ శ్రమకి, పెట్టిన ఖర్చుకి డబ్బివ్వమని కోర్టులో దావా వేయలేరు, కానీ ఆ ఖర్చు ఇచ్చేదాకా వస్తువుని మీ దగ్గర ఆపుకోవచ్చు. తేడా గమనించండి, భద్రపరచడం, సొంతదారుని వెతకడం, ఈ రెండిటికే. డిటెక్టర్ కొన్న ధర, ఆదివారం పొద్దున్నే లేచి వెళ్ళిన పెట్రోలు ఇందులోకి రావు, అవి మీ సరదా ఖర్చులు. ఒకవేళ వాళ్ళు ఉంగరం తెచ్చిచ్చినవాళ్ళకి ఇంత ఇస్తామని ముందే ప్రకటించి ఉంటే అది వేరే సంగతి, ఆ మొత్తం కోసం దావా వేయొచ్చు, అందేదాకా ఉంగరం ఆపుకోనూ వచ్చు. ఇలాంటి ప్రకటనేదీ లేకుండా "సగం విలువ ఇస్తేనే ఇస్తా" అని పట్టుబట్టారా, ఇంతదాకా మీకు రక్షణగా ఉన్న చట్టమే మీ మీదికి తిరుగుతుంది. ఉంగరం పోయింది, వచ్చి వెతికిపెట్టండి అని మిమ్మల్నే ఎవరైనా పిలిస్తే మాత్రం బయల్దేరే ముందే దొరికితే ఎంత, దొరక్కపోతే దారిఖర్చులు ఎవరివి అనేది వాట్సాప్‌లోనైనా రాసుకోండి. అప్పుడది కాంట్రాక్టు, గొడవే ఉండదు.

ఎంత వెతికినా ఎవరూ రాకపోతే? 1722లో ఇంగ్లండ్‌లో ఆర్మరీ వర్సెస్ డెలమిరీ అని ఒక కేసు నడిచింది. పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాడికి ఒక నగ దొరికితే విలువ కట్టించడానికి కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాడు, అక్కడ రాళ్ళు ఊడదీసుకుని ఖాళీ నగ వెనక్కిచ్చారు. అసలు సొంతదారుకి తప్ప మిగతా లోకం మొత్తానికి ఎదురుగా ఆ నగ మీద హక్కు దొరికినవాడిదేనని కోర్టు చెప్పింది, కంసాలి ఆ రాళ్ళు తెచ్చి చూపించకపోతే ఆ నగలో ఇమిడే మేలిరకం రాళ్ళుగానే విలువ కట్టమంది. మీ పరిస్థితీ అదే, ఉంగరం మీ దగ్గర ఉండొచ్చు, ఇంకెవడూ లాక్కోలేడు, కానీ అసలు మనిషి ఎప్పుడొచ్చినా ఆ మనిషి హక్కే పైచేయి. అమ్మడం గురించి కాంట్రాక్ట్ చట్టం 169వ సెక్షన్ చాలా గట్టిగా ఉంది. సొంతదారు దొరకకపోయినా, దొరికి ఖర్చులివ్వనన్నా, వస్తువు పాడైపోయేలా ఉంటేనో, చాలావరకు విలువ పోయేలా ఉంటేనో, మీకు న్యాయంగా రావాల్సిన ఖర్చులు దాని విలువలో మూడింట రెండు వంతులకి చేరితేనో అమ్మొచ్చు. బంగారం పాడవదు, ఉంగరం దాచడానికి అంత ఖర్చూ కాదు, కాబట్టి ఈ సెక్షన్ మీకు పనికొచ్చేది కాదు.

స్థలం ఎవరిదన్నదీ ముఖ్యమే. ఇంగ్లండ్‌లోనే 1990లలో వేవర్లీ బరో కౌన్సిల్ వర్సెస్ ఫ్లెచర్ అనే కేసులో ఒకాయన పబ్లిక్ పార్కులో డిటెక్టర్‌తో వెతికి, సుమారు తొమ్మిది అంగుళాలు తవ్వి, మధ్యయుగాల నాటి బంగారు బ్రూచ్ తీశాడు. నేలలోపల పాతుకుని ఉన్న వస్తువు మీద దొరికినవాడికంటే స్థలం యజమానికే మెరుగైన హక్కని, పార్కులో తిరగడానికి ఇచ్చిన అనుమతి తవ్వడానికి ఇచ్చినట్టు కాదని అప్పీలు కోర్టు తేల్చింది. మన కోర్టులు దీనికి కట్టుబడక్కర్లేదు గానీ తర్కాన్ని గౌరవిస్తాయి. కాబట్టి ఎవరి పొలమైనా, ఏ పార్కైనా ముందు రాతపూర్వకంగా అనుమతి అడగండి, తవ్విన గుంత పూడ్చండి.

కోట దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద రక్షిత ప్రాంతమైతే అనుమతి లేకుండా తవ్వడమే నేరం, ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. ఇక నేలలో దాచిపెట్టిన విలువైన వస్తువు ఏ చోట దొరికినా, పది రూపాయలకి మించితే చాలు, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం వీలైనంత త్వరగా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. దాచితే మీ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. తెలియజేసి, అది ఎవరిదీ కాదని తేలితే మాత్రం మామూలుగా మూడొంతులు దొరికినవాడికి, ఒక వంతు స్థలం యజమానికి. మీ ఉంగరానికి ఈ చట్టం వర్తించదనే నా అభిప్రాయం, 2014 తర్వాత ఎవరి వేలి నుంచో జారిపోయిన దాన్ని "దాచిన" సొత్తు అనలేం.

అర్జీ రేపే ఇచ్చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్న పెద్దదవుతుంది. సొంతదారు దొరికాక ఉంగరం ఇచ్చే రోజున వాళ్ళ గుర్తింపు కార్డు చూసి, లోపలి అక్షరాలు, తేదీ వాళ్ళ చేతే రాయించి, అందుకున్నట్టు సంతకం తీసుకుని, ఆ కాగితాన్ని స్టేషన్లో ముద్ర వేయించిన కాపీతో కలిపి ఫైల్లో పెట్టుకోండి.