స్కానర్ మాటలు వంటింటి దాకా వచ్చేసరికి ఎందుకు తెగిపోతున్నాయి?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మావారు పోలీసు, ఫైరింజన్ వాళ్ల వైర్‌లెస్ మాటలు వినిపించే రేడియో స్కానర్‌ని మేడ మీద గదిలో కిటికీ పక్కన పెట్టారు, అక్కడైతేనే సిగ్నల్ బాగా అందుతుంది. కింద వంటింట్లో, అత్తయ్యగారి గదిలో కూడా వినపడాలని బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కొని స్పీకర్‌కి కలిపాం. ఫోన్ నుంచి పాటలు పెడితే ఆ స్పీకర్ చక్కగా మోగుతుంది. స్కానర్ పెడితే మాత్రం మొదటి రెండు మూడు మాటలు రావు, కాసేపటికి స్పీకరే ఆగిపోతుంది. స్పీకర్ మార్చేయాలా? (ఒక పాఠకురాలు, టెక్సాస్)

జవాబు: మార్చకండి, కొత్తది కొన్నా చాలావరకు ఇదే జరుగుతుంది. పాట మొదలైతే ఆగకుండా మోగుతూనే ఉంటుంది, స్కానర్ అలా కాదు. ఫైరింజన్ వాళ్లు ఒక మాట చెప్పాక పావుగంట దాకా ఏ శబ్దమూ ఉండకపోవచ్చు, అంతసేపు ఏమీ రాకపోయేసరికి బ్యాటరీ మిగల్చడానికి స్పీకర్ తనంతట తనే ఆగిపోతుంది. కొన్ని ట్రాన్స్‌మిటర్లూ అంతే. స్పీకర్ పూర్తిగా ఆగకపోయినా, మళ్లీ గొంతు వినపడి అది తేరుకునేలోపు వీధి పేరు వెళ్లిపోయి ఉంటుంది, మనకు కావాల్సింది సరిగ్గా ఆ మొదటి మాటలే కదా. స్పీకర్ యాప్‌లో ఆటో పవర్ ఆఫ్ తీసేసే వీలుందేమో ముందు చూడండి, కొన్నింటిలో ఉంటుంది.

లేకపోతే నా సలహా ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్. కారులో పెట్టుకునేది కాదు, ఇంట్లో ప్లగ్‌కి పెట్టుకునే రకం తీసుకోండి, శబ్దం లేనప్పుడు ఆగిపోనిదే తీసుకోండి. స్కానర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వైరు దానికి ఇచ్చి, 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఖాళీగా ఉన్న చోట పెట్టి, వంటింట్లో ఒకటి, అత్తయ్యగారి గదిలో ఒకటి మామూలు ఎఫ్‌ఎం రేడియోలు ఆన్ చేసి ఉంచితే సరిపోతుంది. మాట ఉన్నా లేకపోయినా సిగ్నల్ వస్తూనే ఉంటుంది కాబట్టి రేడియో దేనికీ ఆగదు, పైగా అన్ని గదుల్లోనూ ఒకేసారి వినపడుతుంది. బ్లూటూత్‌తో ఆ సుఖం లేదు. దాని శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, పక్క గదిలో స్కానర్ కూడా మోగుతుంటే ప్రతి మాటా రెండుసార్లు వినపడి చిరాకు పుడుతుంది.

డల్లాస్ లాంటి చోట ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరకడం కొంచెం కష్టమే, పగలు ఖాళీగా ఉన్నది రాత్రి కూడా ఖాళీగా ఉందో లేదో వినండి. ఆన్‌లైన్‌లో మైలు దూరం పోతుందని అమ్మేవి మాత్రం కొనకండి. అమెరికాలో లైసెన్సు లేని ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ 3 మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు దాటకూడదని అక్కడి రేడియో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నియమం. ఇల్లు దాటకపోతే మనకూ మంచిదే, ఎవరికి గుండె నొప్పి వచ్చిందో ఏ ఇంటి నంబరో అన్నీ అందులో వినపడతాయి మరి. విన్న అడ్రసులు దయచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

వైరు సంగతి కూడా చూసుకోండి. చాలా స్కానర్ల జాక్ మోనో, అంటే ఒకే చానల్, మామూలు స్టీరియో వైరు పెడితే ఒక వైపే వస్తుంది, మోనో నుంచి స్టీరియోకి మార్చే వైరు అడిగి తీసుకోండి. స్కానర్ వాల్యూమ్ మధ్యలో ఉంచండి, బాగా తగ్గిస్తే బుస్సుమనే శబ్దం మిగులుతుంది, పెంచితే మాట పగులుతుంది. స్కానర్, ట్రాన్స్‌మిటర్ రెండూ ఒకే చార్జర్ మీద నడుస్తూ గుయ్యిమని మోత వస్తే చార్జర్లు వేరు చేసి చూడండి. విమానాల మాటలు వినేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌ల దాకా ఉండే ఆ బ్యాండ్ ఏఎం కాబట్టి చవక చార్జర్ల రొద అందులో ఇట్టే దూరుతుంది.

టోర్నడో హెచ్చరికకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నా. కరెంటు పోతే ట్రాన్స్‌మిటరూ పోతుంది. అత్తయ్యగారి మంచం పక్కన బ్యాటరీ కూడా ఉండే, ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే నోవా (NOAA) వెదర్ రేడియో విడిగా పెట్టండి. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఏడు చానళ్లలో మీకు అందేది పెట్టి, మీ కౌంటీ కోడ్ వేసి ఉంచితే అర్ధరాత్రయినా అదే మోగి లేపుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో గదికో వైఫై స్పీకర్ ఉంది. వాటిలోనే స్కానర్ వినలేమా? (ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: వినొచ్చు. ఒక స్పీకర్‌కి లైన్ ఇన్ (బయటి శబ్దం తీసుకునే జాక్) ఉండి, దానికిచ్చిన శబ్దాన్ని మిగతా గదులకు పంపే రకమైతే వైరు అక్కడ పెట్టేయండి, పని అయిపోయినట్టే. లేదంటే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడండి. దానికి ఆడియో లోపలికి తీసుకునే జాక్ ఉండదు, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తగిలించాలి. దాని మీద శబ్దాన్ని నెట్‌వర్క్‌లో ప్రసారం చేసే ఐస్‌కాస్ట్ సాఫ్ట్‌వేర్ నడిపితే ఇంటర్నెట్ రేడియో పాడగలిగే స్పీకర్లన్నీ మీ స్కానర్‌నీ పాడతాయి, కాకపోతే కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది. గదులన్నీ కలిసి పలకాలంటే స్నాప్‌కాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, దాని కోసం ప్రతి గదిలోనూ స్నాప్‌కాస్ట్ నడిచే పరికరం ఒకటి ఉండాలి. మీ ఊరి పోలీసులు ఎన్‌క్రిప్షన్‌కి (బయటివాళ్లకు వినపడకుండా మాటల్ని రహస్య కోడ్‌లో పంపడానికి) మారిపోయి ఉంటే ఇదంతా చేసినా వాళ్ల మాటలు రావు, డబ్బు పెట్టేముందు అది కనుక్కోండి.

ప్రశ్న: తిరిగి వచ్చేసేటప్పుడు స్కానర్‌ని హైదరాబాద్ తెచ్చుకోవచ్చా? (ఒక పాఠకుడు, అట్లాంటా)

జవాబు: వద్దు. అమెరికాలో ఇంట్లో కూర్చుని వినడం తప్పు కాదు, న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో కారులో పెట్టుకోవడం మీదే ఆంక్షలున్నాయి. ఇండియాలో అలా కాదు, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ ఇలాంటి పరికరాలకు లైసెన్సు కావాలి, పోలీసు వైర్‌లెస్ వినడం అసలే కుదరదు. రేడియో మీద అంత ఇష్టం ఉంటే హ్యామ్ (సరదా కోసం రేడియోలో మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు పరీక్ష రాయండి. హైదరాబాద్‌లోనే 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, ముందు వాళ్లను అడగండి.