విడాకులు తీసుకున్నాను, సత్ప్రసాదం స్వీకరించవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం, కతోలికులం. పెళ్ళయి బెంగళూరు వచ్చి పదకొండేళ్లు. ఆయన తాగి కొడుతుంటే భరించలేక మూడేళ్ల క్రితం కోర్టులో విడాకులు తీసుకున్నాను. ‘విడాకులు తీసుకున్నదానివి, సత్ప్రసాదం ముట్టకు’ అంది అమ్మ. అప్పటి నుంచి పూజలో సత్ప్రసాదపు అప్పం అందుకోవడానికి అందరూ లేచి వెళ్తుంటే మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇస్తున్నాను. పక్కవాళ్ల హ్యాండ్‌బ్యాగులకు కాపలా నేనే. వచ్చే నెల మా పాప మొదటి సత్ప్రసాదం. దాని పక్కన నిలబడి నేనూ స్వీకరించవచ్చా? ఇంకొక మాట. ఆఫీసులో ఒకాయన నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నారు. చేసుకుంటే ఏమవుతుంది?
– ఒక సోదరి, కృష్ణరాజపురం, బెంగళూరు

జవాబు: మూడేళ్లు అనవసరంగా కూర్చున్నారు తల్లీ. నిరభ్యంతరంగా స్వీకరించండి.

కోర్టు డిక్రీ గుడిలో జరిగిన జ్ఞానవివాహాన్ని తెంచలేదని శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, బోధ. తెగలేదు గనుక ఆ లెక్కలో మీరు ఇంకా ఆయన భార్యే. మరొకరితో కాపురం పెట్టలేదు. మరి అడ్డు ఎక్కడిది? పిల్లల సంరక్షణకో, హక్కులు కాపాడుకోవడానికో వేరే దారి లేనప్పుడు కోర్టు విడాకులను సహించవచ్చని శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశం 2383వ పేరాలోనే ఉంది. మీలాంటివారికి సత్ప్రసాదం లాంటి సంస్కారాలు నిరాకరించవలసిన పని లేదని పోపు రెండవ జాన్ పాల్ 1981లోనే రాశారు. మనసులో వేరే బరువేదైనా ఉంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోండి. అది అందరికీ ఉన్నదే.

మీ అమ్మగారు విడాకులనూ మారు పెళ్ళినీ ఒకే గాట కట్టేశారు. ఆమెను తప్పుపట్టను. మా మేనత్త ఇదే భయంతో పోయేదాకా చివరి బల్ల మీదే కూర్చుంది. చెప్పేవాళ్లు లేకపోయారు, నేనప్పటికి చిన్నదాన్ని.

ఇక ఆ రెండో సంగతి. మొదటి పెళ్ళి నిలిచి ఉండగా రిజిస్ట్రారు ఆఫీసులో ఇంకో పెళ్ళి చేసుకుంటే సత్ప్రసాదానికి అడ్డు వస్తుంది. 2016లో పోపు ఫ్రాన్సిస్ కుటుంబ జీవితంపై రాసిన ‘అమోరిస్ లెతీసియా’ లేఖలో ఇలాంటివారి పరిస్థితిని ఒక్కొక్కరిదిగా వివేచించమన్నారు, కొన్ని సందర్భాల్లో సంస్కారాల తోడ్పాటూ ఉండవచ్చని 351వ అధోసూచికలో అన్నారు. దాని అర్థం మీద పీఠాధిపతులే ఏకాభిప్రాయానికి రాలేదు. పైగా అది ఇప్పటికే చిక్కులో పడ్డవాళ్ల గురించి. దాన్ని నమ్ముకుని మీరు చిక్కులోకి నడవకండి.

మీకున్న దారి శ్రీసభ న్యాయస్థానం. అలాంటి చోట పన్నెండేళ్లు వాంగ్మూలాలు టైపు చేశాను. వచ్చినవాళ్లందరూ పెళ్ళి తర్వాత పడ్డ దెబ్బల గురించి చెప్పేవారు. న్యాయమూర్తి గురువు మాత్రం పెళ్ళికి ముందు నెల దగ్గరికే మళ్ళీ మళ్ళీ తీసుకువచ్చేవారు. అక్కడ తేల్చేది కాపురం చెడిందా అని కాదు, పెళ్ళినాడు అసలు పెళ్ళి ఏర్పడిందా అని. తాగుడు అప్పటికే ముదిరి, ఆ బాధ్యత మోయలేని స్థితిలో ఉన్నాడా? మీరు ఒప్పుకోరని తెలిసి కావాలనే దాచిపెట్టారా? బలవంతం జరిగిందా? పెళ్ళయ్యాక మొదలైన తాగుడైతే, ఎంత ఘోరమైనా, అదొక్కటే చాలదు. న్యాయమూర్తి ఈ మాట చెప్పేటప్పుడు నా వేళ్లు టైపు మిషను మీద ఆగిపోయేవి.

ఒకప్పుడు తీర్పును రెండో న్యాయస్థానం కూడా ధ్రువపరచాలి. 2015లో పోపు ఫ్రాన్సిస్ తెచ్చిన మార్పుతో, ఎవరూ అప్పీలు చేయకపోతే, ఒక్క తీర్పు చాలు. గుంటూరు తిరగనక్కరలేదు, ఉంటున్న చోటు గనుక బెంగళూరులోనే అర్జీ పెట్టుకోవచ్చు. పెళ్ళి చెల్లలేదని తేలినా పాప అక్రమ సంతానం కాదు, శ్రీసభ చట్టంలోని 1137వ నియమం ఆ భయం తీర్చింది.

మీ విచారణ (పారిష్) గురువును కలిసేటప్పుడు కోర్టు డిక్రీ, పెళ్ళి పత్రం, ఫిరంగిపురం నుంచి కొత్తగా తీయించిన జ్ఞానస్నాన పత్రం పట్టుకెళ్లండి. పెళ్ళికి ముందు ఆయనను ఎరిగినవాళ్లు ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు కూడా.