పిరనేసి చిత్రం: సంతకం, అంచు నొక్కు ఉంటే సరిపోదు

పిరనేసి రాగి రేకుల మీద చెక్కి అచ్చులు వేసిన ఇటలీ కళాకారుడు. ఆయన పేరుతో మీ దగ్గరున్న వార్విక్ కలశం (పురాతన రోమన్ పాలరాతి కలశం) చిత్రం బహుశా ఆఫ్‌సెట్ నకలే, అంటే ఫొటో తీసి యంత్రంతో అచ్చువేసినది. సంతకమూ, అంచు చుట్టూ నొక్కూ (రేకు ఒత్తిడికి కాగితంలో పడే గుంట) ఉన్నా కొనేవారు నమ్మడం లేదన్నారు. ఆ సంతకం రాగి రేకు మీదే చెక్కింది, నకలులోనూ యథాతథంగా వస్తుంది. నొక్కును ఖాళీ రేకుతో తర్వాతైనా వేయవచ్చు.

1. చట్రంలోంచి తీయండి. అద్దంలోంచి చూస్తే ఏమీ తేలదు.

2. మెలివేసిన ద్రాక్షతీగల పిడి కింది నీడను పదింతల భూతద్దంతో చూడండి. చుక్కలు వరుసగా కనబడితే నకలు, ఇక ముందుకు వెళ్లనక్కరలేదు.

3. అందరూ వదిలేసేది ఇదే. గది చీకటి చేసి, టార్చిని కాగితానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. రేకు నుంచి అచ్చయినదైతే ముదురు గీతల్లో సిరా కాస్త ఉబ్బి ఉంటుంది, ప్రతి గీతకూ వెంట్రుకంత నీడ పడుతుంది. ఆఫ్‌సెట్‌లో అంతా చదును. వేలితో మాత్రం తడమకండి, జిడ్డు అంటుతుంది.

గీత ఉబ్బినా తొందరపడి ధర చెప్పకండి. పిరనేసి 1778లో పోయాక కొడుకులు రేకులను పారిస్ తీసుకెళ్లారు. 1839లో అవి రోమ్ చేరాయి, అక్కడా అచ్చులు వేశారు. కాబట్టి మీది ఆ తర్వాతి అచ్చు కావచ్చు. కాగితం ఏ కాలానిదో చూడటానికి దాన్ని వెలుతురుకు ఎత్తి, నీటిగుర్తు (కాగితం తయారీలోనే పడిన గుర్తు) ఫొటో పెట్టండి.