తుఫాను తర్వాత ఊరికి తిరిగి వెళ్లాలంటే భయం, అమ్మ నమ్మకం ముందు నిలబడాలంటే ఇంకా భయం

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలంలో చిన్న ఊరు. నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు. 2018లో తిత్లీ తుఫానుకి మా కొబ్బరి తోట మొత్తం పడిపోయింది, ఇంటి కప్పు లేచిపోయింది. ఆ రాత్రి మా నాన్న ఊరి అమ్మవారికి మొక్కుకున్నాడట, బతికి బయటపడితే కొడుకు, కోడలు, మనవలతో కలిసి సంబరంలో (అమ్మవారి జాతరలో) ముర్రాటలు (పసుపునీళ్ల కుండలు) ఇస్తానని. నేను వెళ్లింది నాలుగు రోజుల తర్వాత. పడిపోయిన చెట్ల మధ్య నాన్న అమ్మవారి పటం తుడుచుకుంటూ కనిపిస్తే కోపం ఆపుకోలేక "ఇంకా ఆ దేవుణ్ణే పట్టుకుని వేలాడతావా" అనేసి, రెండో రోజే బస్సెక్కి వచ్చేశాను. మరుసటి ఏడాది ఆయన మళ్లీ మొక్కలు వేశాడు. 2021లో చనిపోయాడు. ఇప్పుడు ఆ చెట్లు కాపుకొచ్చాయి. అమ్మ ఒక్కతే ఉంటోంది, రమ్మంటే రాదు, "నాకేటి భయం, అమ్మోరు చూసుకుంటాది" అంటుంది. వచ్చే సంబరానికి మొక్కు తీర్చమని అడుగుతోంది. నాకేమో నమ్మకం లేదు, అయినా ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోవాలనిపిస్తోంది. మా ఆవిడ వద్దంటే వద్దంటోంది. గాలి గట్టిగా వీచిన రాత్రి నాకు నిద్ర పట్టదు. ఏం చెయ్యాలి?

జవాబు: ఉద్యోగం సంగతి, మొక్కు సంగతి తర్వాత చూద్దాం. ముందు నాన్నతో మీరన్న ఆ మాట గురించి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో దాన్ని మధ్యలో గబగబా చెప్పి దాటేశారు గానీ, మిగతా బాధంతా దాని చుట్టూనే తిరుగుతోందని నాకు అనిపించింది.

తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు, ఇళ్లలో పూజలు జరగాల్సిన రోజు. అంతకు ఐదేళ్ల ముందే, 2013లో పైలిన్ వచ్చి మీ ప్రాంతాన్ని కుదిపేసి వెళ్లింది, దాన్నుంచి ఇంకా తేరుకుంటూ ఉండగానే ఇది. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి పోతే, దేశవాళీ మొక్క వేస్తే కాపు మొదలవడానికే ఆరేడేళ్లు, నిండా కాయడానికి ఇంకా కొన్నేళ్లు. జీడి, పనస కూడా పోయిన ఇళ్లలో అరవై దాటిన మనిషి ముందున్న లెక్క ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎప్పుడూ నీడలో ఉండే ఊరు ఒక్క రాత్రిలో ఎండలోకి వచ్చేసింది, చెట్ల ఆనవాళ్లు పోయి సొంత పొలం గట్టు ఎక్కడో తెలియక తడుముకున్నవాళ్లున్నారు. కరెంటు లేదు, బోర్లు ఆడక తాగడానికి నీళ్లు లేవు. ఆ స్థితిలో నాన్నని చూసిన కొడుకు నోటి వెంట మంచి మాటే రావాలని ఎవరూ అనలేరు. మీరు దేవుడి మీద కోపపడ్డారు, కానీ అందుబాటులో ఉన్నది నాన్న.

ఆయన దాన్ని ఎలా తీసుకున్నాడో నాకు తెలియదు, మీకూ తెలియదు, ఇక అడగడానికి ఆయన లేడు. ఈ నొప్పి పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేను. కానీ అమ్మకి తెలిసి ఉండొచ్చు. ఇన్నేళ్లలో ఆమెని ఒక్కసారైనా అడిగారా, "నేను వెళ్లిపోయాక నాన్న ఏమన్నాడే" అని? అడిగినట్టు రాయలేదు. అడగండి, ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. ఆమె తిట్టినా, ఏడ్చినా, "ఏటోరా, నాకు గుర్తు లేదు" అన్నా సరే, ఆ మాట మీ ఒక్కరి గుండెలోనే తిరగడం ఆగుతుంది.

ఇక నమ్మకం. మీ అమ్మగారి నమ్మకం మీకు ఇంత చిరాకు తెప్పించడానికి కారణం, మీరు దాన్ని ఒక జవాబు అనుకోవడం. "అమ్మోరు ఉంటే మన తోట ఎందుకు పోయింది" అని మీరు మనసులో అడుగుతూనే ఉన్నారు, ఆమె దగ్గర దానికి సమాధానం లేదని కోపం. అసలు ఆమె ఆ ప్రశ్న వేసుకుందో లేదో! కప్పు లేని ఇంట్లో లేచి, వాకిలి ఊడ్చి, దీపం పెట్టి, ఆ తర్వాత టార్పాలిన్ కోసం, నీళ్ల ట్యాంకర్ కోసం వరసలో నిలబడిందే, నమ్మకం ఆమెకి చేసిన పని అది. నిలబెట్టింది. కృష్ణా జిల్లా దివిసీమలోనూ అంతే. 1977 నవంబర్ 19 ఉప్పెనలో 10 వేల మందికి పైగా పోయారు, ఇంటిల్లిపాదీ కొట్టుకుపోయిన కుటుంబాలున్నాయి, అయినా మిగిలినవాళ్లు ఆ నేలకే వచ్చి మళ్లీ నాట్లు వేశారు. గుడికి వెళ్లేవాళ్లు గుడికి వెళ్లారు, చర్చికి వెళ్లేవాళ్లు చర్చికి వెళ్లారు. ఎందుకిలా జరిగిందో తెలిశాక వెళ్లారనుకోను. కొందరికి నమ్మకం పూర్తిగా పోయి ఉంటుంది కూడా, వాళ్లనీ తప్పు పట్టలేం. మీకు పోయింది, సరే. అది అమ్మకి నేరంగా చెప్పుకోనక్కర్లేదు, ఆమె ముందు నటించనూ అక్కర్లేదు.

మరి నమ్మకం లేకుండా మొక్కు తీర్చడం మోసం కాదా? నా ఉద్దేశంలో కాదు. ఆ మొక్కు మీరు మొక్కింది కాదు. ఆయన మీ అందరి పేరూ చెప్పి మొక్కుకున్నాడు, తీర్చకుండానే పోయాడు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చేటప్పుడు ఆ అప్పు ఎందుకు చేశాడని వాదన పెట్టుకోం కదా, ఇదీ అంతే. అమ్మతో ఉన్నదున్నట్టు చెప్పండి: "నాకు నమ్మకం కుదరట్లేదమ్మా, కానీ నాన్న మాట తీరుస్తాను, నీ పక్కన నిలబడతాను." ఊళ్లో ఆడవాళ్లు ముర్రాటలతో వెళ్తుంటే మీరు వెనక నడవండి. అక్కడ ఏమీ అనిపించకపోతే అనిపించనట్టే. ఏదో జరిగిపోవాలని ఎదురుచూడొద్దు.

ఉండిపోవడం మాత్రం వేరే విషయం, ఈ రెండింటినీ కలపకండి. మొక్కు తీర్చడానికి ఒకటి రెండు రోజులు చాలు. ఉద్యోగం మానేసి వెళ్లడమంటే మీ భార్య, పిల్లల బతుకు మారడం. నాన్నకి చేసినదానికి ప్రాయశ్చిత్తంగా వెళ్తే ఏడాది తిరక్కుండానే ఆ కసి ఇంట్లోవాళ్ల మీద తేలుతుంది. మీ ఆవిడ ఎందుకు వద్దంటోందో మీరు రాయలేదు, అడిగారో లేదో కూడా తెలియదు. ఉద్దానం అనగానే బయటివాళ్లకి ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. పిల్లల తల్లి దానికి భయపడితే అది ఊరిని చిన్నచూపు చూడటం కాదు. ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి, హిరమండలం రిజర్వాయర్ నుంచి ఊళ్లకి తాగునీటి పైపులు వేశారు. మీ ఊరికి ఆ నీళ్లు రోజూ వస్తున్నాయా లేదా అమ్మని అడిగి తెలుసుకోండి, అమ్మకి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చేయించండి. ఆమెని చూసుకోవడమంటే హైదరాబాద్ తీసుకురావడం ఒక్కటే కాదు.

తోట మీద ఆశ పెట్టుకునే ముందు కూడా అక్కడ కొబ్బరి చేసేవాళ్లతో కూర్చోండి. తిత్లీ తర్వాత నిలదొక్కుకున్న చెట్లకి తెల్లదోమ పట్టి కొన్ని తోటల్లో కాపు తగ్గింది, ధర ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. నాన్న వేసిన చెట్లు కాశాయన్న సంతోషంలో, ఆ కాయల మీద నలుగురు బతకగలరా లేదా అన్న లెక్క మర్చిపోవద్దు.

ఇంకో మాట. వెళ్లి ఉండి చూడాలనుకుంటే వేసవి సెలవుల్లో కాదు, అక్టోబర్, నవంబర్‌లో వెళ్లండి. సెలవు పెట్టుకుని ఒక్కరే అయినా సరే. వాయుగుండం వార్త విన్న రాత్రి ఆ ఇంట్లో పడుకుని చూడండి, నిద్ర పడుతుందో లేదో. వేసవిలో ఆ నీడలో కూర్చుంటే ఎవరికైనా ఉండిపోవాలనే అనిపిస్తుంది. అధికారులు తుఫాను షెల్టర్‌కి వెళ్లమంటే మాత్రం అమ్మని తీసుకుని వెళ్లిపోండి, ఆమె "అమ్మోరు చూసుకుంటాది" అన్నా వినొద్దు. "ఆ అమ్మోరే నన్ను పంపింది, పద" అనండి, కాదనదు.

గాలికి నిద్ర పట్టకపోవడం గురించి. ఇన్నేళ్ల తర్వాత కూడా గాలి శబ్దానికి గుండె దడ, చెమటలు, పడిపోయిన చెట్లే కళ్ల ముందు తిరగడం ఉంటే అది పిరికితనం కాదు. దీనికి చికిత్స ఉంది, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. వెంటనే వెళ్లలేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. సంబరానికి వెళ్లే లోపే ఈ పని చెయ్యండి, ఎందుకంటే పొలం గట్టు మీద అడుగు పెట్టగానే ఆ రోజు కోపం మళ్లీ పైకొచ్చే అవకాశం ఉంది, అప్పుడు ఏం చెయ్యాలో ముందే ఎవరితోనైనా మాట్లాడుకుని ఉంటే మంచిది.

ఈ ఆదివారం మీ ఆవిడని కూర్చోబెట్టి నాన్నతో అన్న మాట సంగతి మొత్తం చెప్పండి. ఇన్నేళ్లూ ఆమెకి కూడా చెప్పలేదని నా అనుమానం. ఉండిపోవడం గురించి ఆ రోజు ఎత్తొద్దు, సంబరానికి పిల్లలతో కలిసి వస్తావా అని మాత్రం అడగండి. వస్తానంటే, అమ్మకి ఫోన్ చేసి తేదీ కనుక్కుని పలాసకి నాలుగు టికెట్లు తీసుకోండి. రానంటే బలవంతపెట్టకుండా మీరొక్కరే వెళ్లండి.