సమాధానం: ఏజిస్థస్ అగమెమ్నాన్‌కి ఏమవుతాడు?
గ్రీకు పురాణాల్లోని ఏజిస్థస్ ఒకచోట అట్రియస్ కొడుకనీ, ఇంకోచోట థయెస్టిస్ కొడుకనీ, మరోచోట థయెస్టిస్ మనవడనీ చదివి వంశవృక్షం గీయలేకపోతున్నానన్నారు కదా. టెన్షన్ వద్దు, మూడింటికీ కారణం ఉంది.

టాంటలస్ కొడుకు పెలొప్స్, అతని కొడుకులు అట్రియస్, థయెస్టిస్. అట్రియస్ కొడుకులే అగమెమ్నాన్ (ట్రాయ్ యుద్ధంలో గ్రీకు సేనల నాయకుడు), మెనెలాస్. ఇక్కడిదాకా చిక్కు లేదు.

అసలు గొడవంతా థయెస్టిస్ వైపు. తన భార్యతో సంబంధం పెట్టుకున్నాడని పగబట్టిన అట్రియస్, థయెస్టిస్ పిల్లల్ని చంపి ఆ మాంసాన్నే అతనికి విందులో వడ్డించాడు. సొంత కూతురితో కనే కొడుకే పగ తీరుస్తాడని థయెస్టిస్‌కి దైవవాణి చెప్పిందట. థయెస్టిస్ ఆ ఘోరానికీ తెగించాడు. అలా కూతురు పెలోపియాకు పుట్టినవాడే ఏజిస్థస్. అంటే థయెస్టిస్‌కి కొడుకూ, మనవడూ. ఇదేమీ తెలియని అట్రియస్ పెలోపియాను పెళ్లాడి, ఆ బిడ్డను తన కొడుకనుకొని పెంచాడు. (ఆ బిడ్డకు నిజం తెలిశాక అతని చేతిలోనే చచ్చాడు.)

కాబట్టి అగమెమ్నాన్, ఏజిస్థస్ అన్నదమ్ముల పిల్లలు. చార్టులో థయెస్టిస్, పెలోపియా ఇద్దరి నుంచీ ఏజిస్థస్‌కి గీతలు గీయండి. అట్రియస్ నుంచి చుక్కల గీత చాలు. కొన్ని కథల్లో అట్రియస్‌కీ అగమెమ్నాన్‌కీ మధ్య ప్లెయిస్థనీస్ అనే ఇంకో తరం కనిపిస్తుంది. ఇలియడ్ రాసిన గ్రీకు కవి హోమర్‌ను అనుసరిస్తున్నట్టయితే అతన్ని వదిలేయండి.