96 పాయింట్లు వచ్చినా కాల్గరీ ఫ్లేమ్స్ ప్లేఆఫ్స్‌కు ఎందుకు వెళ్లలేదు?

టైబ్రేకర్ దెబ్బ. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 2024-25 సీజన్‌లో కాల్గరీ, సెయింట్ లూయిస్ బ్లూస్ రెండూ 82 మ్యాచ్‌లాడి 96 పాయింట్ల దగ్గరే ఆగాయి. పాయింట్లు సమానమైతే ముందు చూసేది అదనపు సమయానికి (ఓవర్‌టైమ్) పోకుండా 60 నిమిషాల్లోనే తేల్చేసిన గెలుపులు. బ్లూస్‌కు 32, కాల్గరీకి 31. చోటు బ్లూస్‌కు దక్కింది.

గెలుపు ఎలా వచ్చినా 2 పాయింట్లే. ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే 1. కాల్గరీ అలా 14 సార్లు ఓడింది. ‘పోనీలే, ఒక పాయింటైనా దక్కింది’ అని అభిమానులు సర్దుకుపోతారు గానీ, అవతల జట్టుకు 2 దక్కాయి కదా!

లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు కాన్ఫరెన్స్‌లు; కాల్గరీ, బ్లూస్ వెస్ట్‌వి. ఈస్ట్‌లో మాంట్రియల్ కెనేడియన్స్ 91తోనే గట్టెక్కింది. అన్యాయంలాగే ఉంటుంది, కానీ కాన్ఫరెన్స్‌ల మధ్య పోలిక లేదు. ఒక్కోదాంట్లో 8 చోట్లు: రెండు డివిజన్లలో మొదటి మూడేసి జట్లు, అవి కాక 2 వైల్డ్‌కార్డులు, అంటే మిగతా జట్లలో పాయింట్లు ఎక్కువున్న రెండింటికి.

సీజన్ ముగింపు దగ్గరపడే మార్చిలో పట్టిక చూస్తే పాయింట్ల దగ్గరే ఆగకండి. ఎవరికెన్ని మ్యాచ్‌లు మిగిలాయి, ‘ఆర్‌డబ్ల్యూ’ (60 నిమిషాల్లోని గెలుపులు) గడిలో ఎంతుంది, పక్క జట్టుతో ముఖాముఖి ఎప్పుడు అన్నవి చూడండి. ఆ ముఖాముఖి ఓవర్‌టైమ్‌కు పోకుండా గెలిస్తేనే పూర్తి లాభం: మనకు 2, వాళ్లకు సున్నా.